గతమే మనిషికి శాశ్వతనామమా?

యౌవనమున ఆయుధము పట్టి, రక్తపాతములో పాలుగొని, పిదప దానిని విడిచి, అనేక సంవత్సరములు శాంతజీవనము గడపిన మనుష్యుని లోకము ఏ పేరుతో పిలువవలయును? ఆనాటి పేరుతోనా, ఈనాటి పేరుతోనా? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. అయినను తెలుగునాట నేడిది గ్రంథములలోని ధర్మసందేహముగా నిలువక, మన గుమ్మము కడకే వచ్చినది. 2025 సెప్టెంబరు నెలలో, నాలుగు దశాబ్దములకు పైగా అజ్ఞాతవాసములో నుండిన పోతుల కల్పన అను సుజాత హైదరాబాదులో పోలీసు అధికారుల యెదుట లొంగిపోయెను. మరుసటి నెలలోనే పెద్దపల్లికి చెందిన మల్లోజుల వేణుగోపాలరావు గడ్చిరోలిలో అనుచరులతో గూడ ఆయుధములను అప్పగించెను. వీరు బాలురు కారు. అరువదియవ యేటి దరిదాపులనో, దానిని దాటియో యున్నవారు. ఇట్టివారు మన ఊళ్లకు తిరిగి వచ్చుచున్నారు. వారిని మనమెట్లు చూడవలయును?

ఆ సంవత్సరారంభముననే ఈ ప్రశ్న మరియొక రూపమున తల యెత్తినది. తెలంగాణ ప్రభుత్వము ప్రజాగాయకుడు గద్దరు పేరును పద్మ పురస్కారమునకు సిఫారసు చేసెను. కేంద్ర హోంశాఖ సహాయమంత్రి శ్రీ బండి సంజయ్ కుమార్ గారు, నక్సలైటు ఉద్యమములో నుండి తమ పక్షపు కార్యకర్తల మరణములకు కారకుడైన వానికి అట్టి గౌరవమెట్లు ఇత్తురని 2025 జనవరిలో బహిరంగముగా ప్రశ్నించిరి. రాష్ట్ర ముఖ్యమంత్రి శ్రీ రేవంత్ రెడ్డి గారు కేంద్రమును తప్పు పట్టిరి. ఒకరి కంటికి హంతకుల సహచరుడు, వేరొకరి కంటికి ప్రజల గొంతుక. గద్దరు 2023 ఆగస్టు 6న మరణించెను. ఆయన దేహమునకు ప్రభుత్వ లాంఛనములతో అంత్యక్రియలు జరిగినవి. నాడును వాటిని ఆక్షేపించినవారు కలరు. మరణించిన పిదప గూడ మనిషి గతము మనిషిని వదలలేదు.

ఈ విషయమును ఆలోచించుటకు హైదరాబాదు పాతబస్తీలోని మొఘల్‌పురా వంటి చోటు అరుదు. చార్మినారు నీడలో, మక్కా మసీదునకు కొలది నిమిషముల నడకలో నున్న ఈ పేట చుట్టును మనుష్యుల పేర్లు మారిన విధమును గమనించినచో, మన తీర్పులెంత అస్థిరములో తెలియగలదు.

1857 జూలై 17వ తేదీ శుక్రవారము. మక్కా మసీదులో ప్రార్థన ముగిసిన పిదప జనసమూహమొకటి కదలినది. మౌల్వీ అలావుద్దీన్, తుర్రేబాజ్ ఖాన్ అనువారల నాయకత్వమున అది మూసీ దాటి కోఠీలోని బ్రిటిషు రెసిడెన్సీపై దాడి చేసినది. దాడి విఫలమయ్యెను. అలావుద్దీన్‌ను అండమానునకు పంపిరి. తుర్రేబాజ్ ఖానును 1859లో చంపి, శవమును నగరములో వ్రేలాడదీసిరి. ఆనాటి దర్బారు కాగితములలో వారు రాజద్రోహులు. నేడు వారు దాడి చేసిన ఆ రెసిడెన్సీ చెంతనే వారి స్మారకము నిలిచియున్నది. ఒక వీథికి తుర్రేబాజ్ ఖాను పేరే పెట్టినారు.

1947 డిసెంబరు 4వ తేదీన కింగ్‌కోఠీ కడ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ప్రయాణించుచున్న మోటారు కారుపై నారాయణరావు పవార్ అను ఆర్యసమాజ యువకుడు బాంబు విసరెను. నిజాము బ్రతికెను. పవారునకు మరణశిక్ష విధింపబడెను. కాని 1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశమున కలిసిన పిదప ఆ శిక్ష అమలు కాలేదు. ఆయన విడుదలై, స్వాతంత్ర్యయోధుడని గౌరవింపబడెను. అంతకంటె విచిత్రమేమనగా, ఏ ప్రభువును చంపవలెనని ఆయన తలపెట్టెనో, ఆ ప్రభువే 1950లో అదే ప్రజాప్రభుత్వము క్రింద రాజప్రముఖుడయ్యెను. బాంబు వేసినవానిని, బాంబు వేయించుకొన్నవానిని గూడ నూతన రాజ్యము ఒకే గొడుగు క్రిందికి తీసికొనినది.

మొఘల్‌పురాకు ఇరుగున నున్న గౌలిపురాలో 1918లో జన్మించిన డాక్టరు రాజ్ బహదూర్ గౌర్ గారి కథయు వినదగినది. వైద్యవిద్య నభ్యసించి, కార్మికోద్యమమున ప్రవేశించి, తెలంగాణ సాయుధపోరాటకాలమున అజ్ఞాతవాసమును, కారాగారమును అనుభవించిరి. సాయుధపోరాటము 1951 అక్టోబరులో విరమింపబడెను. 1952లో ఆయన రాజ్యసభ సభ్యులైరి. పదియేండ్లు ఆ సభలో కూర్చుండి, తదుపరి ఉర్దూ భాషాసేవలో, కార్మికసేవలో వృద్ధులై, 2011లో కన్నుమూసిరి. వారి మిత్రుడు మఖ్దూం మొహియుద్దీన్ గారును అట్లే. పోలీసులు వెదకిన మనిషి 1952లో హుజూర్‌నగర్ ఉపయెన్నికలో గెలిచి శాసనసభ్యుడయ్యెను. 1969లో ఆయన కవితా సంపుటికి సాహిత్య అకాడమీ పురస్కారము లభించెను.

ఈ మువ్వురి నలువురి కథలు చదివి పాఠకులు ఒక సులభ సిద్ధాంతమునకు రావచ్చును. కాలము గడచినచో అన్నియు మాసిపోవుననియు, రాజ్యము మారినచో నేరములు వీరకృత్యములగుననియు తలపవచ్చును. అట్టి సిద్ధాంతమును మేము అంగీకరింపజాలము. గెలుపే కొలతబద్ద అయినచో ధర్మమునకు చోటెక్కడ? గెలిచిన పక్షపు హింసను మరచి, ఓడిన పక్షపు హింసను మాత్రమే జ్ఞాపకముంచుకొనుట న్యాయము కాదు. అది లెక్కలు మార్చి వ్రాయుట.

మన దేశమే ఈ విషయమున ఒక కొలతను పాటింపలేదనుటకు రావి నారాయణరెడ్డి గారి చరిత్రమే సాక్ష్యము. తెలంగాణ సాయుధపోరాటమునకు అగ్రనాయకులలో ఆయన యొకరు. ఆ పోరాటములో నాలుగువేలమంది వరకు కమ్యూనిస్టులును రైతుయోధులును ప్రాణములు కోల్పోయిరని పుచ్చలపల్లి సుందరయ్య గారు వ్రాసియున్నారు. ఆవలి పక్షమున దొరలును, వారి మనుష్యులును, పోలీసులును, సైనికులును హతులైరి. అట్టి పోరాటమునకు నాయకుడైన మనిషి, పార్టీపై నిషేధముండగా వేరొక పేరుతో 1952 సార్వత్రిక ఎన్నికలలో నల్లగొండ నుండి నిలిచి, పండిత నెహ్రూ గారికంటె గూడ అధికముగా ఓట్లు పొంది లోక్‌సభకు వెళ్లెను. 1991లో ఆయన మరణించిరి. 1992లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మవిభూషణ బిరుదమిచ్చెను. ఏ ప్రభుత్వపు సైన్యము ఆయన దళములను వేటాడెనో ఆ ప్రభుత్వమే ఆయనను సన్మానించెను.

1992లో రావి నారాయణరెడ్డి గారికి తగినది 2025లో గద్దరుకు ఎందులకు తగదు? ఈ ప్రశ్నకు కొందరు కాలదూరమే కారణమందురు. నలువదియేండ్లు గడచిన పిదప గాయములు మానెను, ఇంకను మానని గాయములు వేరు అని వారి వాదము. వేరొకరు, నారాయణరెడ్డి గారు భారతసైన్యము వచ్చిన పిదప పోరాటము కొనసాగింపరాదని తమ పక్షమువారితోనే వాదించిరనియు, ఎన్నికల మార్గమును తెరచినవారిలో ముఖ్యులనియు చెప్పుదురు. ఈ రెండవ మాటలో బలము కలదు. తన పక్షమువారి ముఖముననే తప్పును తప్పని చెప్పుట సులభమైన కార్యము కాదు. గద్దరును తుపాకి నమ్మకమును మెల్లమెల్లగ వదలి, 2018లో తొలిసారి ఓటు వేసి, తన చివరియేట రాజ్యాంగపు మార్గముననే ప్రజలను పిలిచెను. ఆయన స్వయముగా చంపినాడని కాదు, ఆయన పాట విని అడవికి పోయినవారు చంపిరి, చచ్చిరి అనునది ఆయనపై మోపిన ముఖ్యాభియోగము. 1997 ఏప్రిల్ 6న ఆయన యింటి ముంగిటనే దుండగులు ఆయనపై కాల్పులు జరిపిరి. ఒక గుండును దేహమున నుంచుకొనియే శేషజీవితము గడపెను. ఆయనకు బిరుదమీయవలెనా కూడదా అను విషయమున సత్పురుషులలో భేదాభిప్రాయముండవచ్చును. కాని నిరాకరించువారు రావి నారాయణరెడ్డి గారికి ఎందులకిచ్చిరో చెప్పవలయును. ఇమ్మనువారు చనిపోయినవారి బంధువులతో ఏమి చెప్పుదురో చెప్పవలయును. రెండు పక్షములును ఈ రెండవ పనిని చేయుట మానినవి.

చనిపోయినవారి బంధువులు! ఈ చర్చలన్నిటిలో వారి మాట ఎవ్వరును తలపరు. లొంగిపోయినవారి ఛాయాచిత్రములు పత్రికలలో వచ్చును. తమ తలలపై ప్రకటించిన బహుమతి ద్రవ్యమును వారికే యిచ్చు పద్ధతి కలదు. వారు క్రొత్త జీవితము మొదలిడవలె గనుక ఆ సాయమును మేము తప్పు పట్టము. కాని అవతలి గుమ్మమున నిలిచియున్న వారెవరు? 1993 జనవరి 27న లాల్ బహదూర్ మైదానములో, పరుగెత్తు వేళ, పోలీసు అధికారి కె. ఎస్. వ్యాస్ గారిని కాల్చి చంపిరి. 1999 ఏప్రిల్‌లో శాసనసభ పూర్వ సభాపతి శ్రీపాదరావు గారిని మంథని ప్రాంతమున చంపిరి. 2000 మార్చి 7న ఘట్‌కేసర్ చెంత మందుపాతరతో మంత్రి ఎలిమినేటి మాధవరెడ్డి గారిని చంపిరి. 2008 జూన్ 29న బలిమెల జలాశయమున పడవపై కాల్పులు జరిపి 38 మందిని చంపిరి; వారిలో అత్యధికులు మన గ్రేహౌండ్స్ జవానులు. ఇవి పేరెన్నిక గల మరణములు. ఇన్ఫార్మరని నెపము వేసి రాత్రివేళ ఇంటి నుండి ఈడ్చుకొనిపోయిన కూలివాని పేరు ఏ శిలాఫలకముపైనను లేదు. అతని భార్యకు మాత్రము అది నేటికిని నిన్నటి రాత్రియే.

కావున కాలమొక్కటియే క్షమాపణపత్రము కానేరదు. ముప్పది సంవత్సరములు గడచినవి గదా యని నేరస్థుడు చెప్పినచో, ముప్పది సంవత్సరములు నేను లేకుండ గడపితిని గదా యని మృతుని బిడ్డ చెప్పును. ఇద్దరికిని ఆ కాలము ఒక్కటే. దాని బరువు మాత్రము ఒక్కటి కాదు. తన యెడ జరిగిన నేరమును రాజ్యము మన్నింపగలదు, కేసులు ఎత్తివేయగలదు, భూమి, ధనము ఈయగలదు. కాని మృతుని బిడ్డ తరఫున మన్నించు అధికారము రాజ్యమునకు ఎవ్వరిచ్చిరి? ఆ అధికారము ఆ బిడ్డ కడనే కలదు. అతడు మన్నింపకపోయినను అతనిని తప్పు పట్టు హక్కు మనకు లేదు.

అట్లని, ఒకప్పుడు తుపాకి పట్టినవాని మొగమున జీవితాంతము ఆ ముద్రయే కొట్టి కూర్చుండబెట్టవలెనా? అదియు మా మతము కాదు. మాటలకంటె ఇచట రెండు జీవితములను ప్రక్కప్రక్కన నిలుపుట మేలు.

ములుగు ప్రాంతపు కోయగూడెములో పుట్టిన దనసరి అనసూయ కౌమారములోనే నక్సలైటు దళములో చేరెను. సీతక్క అనునది దళము పెట్టిన పేరు. 1990 దశకమున ఆమె ఆ మార్గమును విడిచి, జనజీవనమునకు మరలి, న్యాయశాస్త్రము చదివి, న్యాయవాదియై, 2009లో ములుగు శాసనసభ్యురాలయ్యెను. 2020లో కరోనా జాడ్యము వ్యాపించిన దినములలో, దారిలేని గూడెములకు బియ్యపు మూటలు మోసికొనిపోయినది ఆమెయే. 2022లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఆదివాసుల సామాజిక స్థితిపై ఆమె పరిశోధనకు డాక్టరు పట్టమిచ్చెను. 2023 డిసెంబరులో ఆమె మంత్రి పదవి స్వీకరించెను. ఆమె దళము పేరును దాచలేదు. ఆ పేరుతోనే ప్రజల యెదుట నిలిచినది. తన గతమును మరువుడని కోరక, దానిని చూచియే తీర్పు చెప్పుడని కోరినట్లయినది.

రెండవ జీవితము భువనగిరికి చెందిన నయీముద్దీన్‌ది. వ్యాస్ గారి హత్యకేసులో నిందితుడైన ఇతడును నక్సలైటు పార్టీని విడిచెను. విడిచి ఏమి చేసెను? భూముల దందాలును, బెదిరింపులును, హత్యలును అతని పేర లెక్కకు మిక్కిలిగ నమోదయ్యెను. పోలీసులలో కొందరి అండ అతనికి గలదను ఆరోపణ ఊరూర వినవచ్చెను. 2016 ఆగస్టు 8న షాద్‌నగరులో పోలీసు కాల్పులలో అతడు మరణించెను. అతని నేరములను విచారించుటకు ప్రభుత్వము ప్రత్యేక దర్యాప్తు బృందమును నియమింపవలసి వచ్చెను. ఇతడును మాజీ నక్సలైటే. అడవిని విడిచెను గాని ఆయుధమును విడువలేదు. పార్టీని విడిచెను గాని చంపవచ్చునను నమ్మకమును విడువలేదు.

ఒకే మార్గమున పోయి మరలిన ఇరువురిలో ఒకరు మంత్రిణి, వేరొకరు ముఠానాయకుడు. వారిని వేరుచేసినది గతము కాదు; గతమును విడిచిన పిదప వారు గడపిన దినములు. ఎప్పుడో యేమి చేసితిరి అను ప్రశ్నతో బాటు, దేనిని విడిచితిరి, విడిచిన పిదప ఏమి చేసితిరి అను రెండు ప్రశ్నలు వేయనిదే ఏ తీర్పును పూర్ణము కాదు.

ఇంకొక విషయమును గూడ పాఠకులు గమనింతురు గాక. 2023 డిసెంబరు నుండి సీతక్క గారు కూర్చుండిన మంత్రివర్గముననే శ్రీపాదరావు గారి కుమారుడు శ్రీధర్ బాబు గారును మంత్రిగా ప్రమాణము చేసిరి. ఆ హత్యకును సీతక్క గారికిని ఎట్టి సంబంధమును లేదు. ఆమె అంతకు పూర్వమే ఉద్యమమును విడిచిరి, ఆ హత్య చేసినది వేరొక పార్టీ. అయినను తుపాకి చేత తండ్రిని కోల్పోయిన వ్యక్తియు, ఒకప్పుడు తుపాకి పట్టిన వ్యక్తియు ఒకే బల్ల చుట్టు కూర్చుండి రాజ్యపాలన చేయుట, చట్టసభల మార్గము తుపాకి కంటె విశాలమైనదనుటకు ప్రత్యక్షసాక్ష్యము. ఇట్టి దృశ్యమును తుపాకి ఎన్నడును చూపజాలదు.

ఇక పశ్చాత్తాపమును గూర్చి. చేసిన పాపము చెప్పుకొన్న పోవునని మన పెద్దలందురు. సరియే. కాని ఎవరితో చెప్పుకొనవలయును? కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోక చక్రవర్తి శిలాశాసనములు కలవు. వాటిలో పదుమూడవది కళింగ యుద్ధమున లక్షమంది హతులైరనియు, లక్షన్నరమంది చెరపట్టబడిరనియు, అందులకు తాను మిగుల పరితపించుచున్నాననియు చెప్పును. ప్రపంచచరిత్రములో ఒక విజేత వెలిబుచ్చిన పశ్చాత్తాపములలో ఇది మిక్కిలి గొప్పది. కాని ఆ శాసనము కళింగమున లేదు! ధౌళిలోను, జౌగఢలోను ఆ స్థానమున వేరు శాసనములు చెక్కించిరి. ఎర్రగుడి ప్రజలు చక్రవర్తి దుఃఖమును చదివిరి. ఎవరి తండ్రులు చనిపోయిరో ఆ కళింగులు మాత్రము చదువలేదు. రాజనీతికి కారణములేవైనను, పశ్చాత్తాపము దెబ్బ తిన్నవాని వాకిట గాక వేరొక చోట పలుకబడినచో, అది చెప్పినవానికి ఊరటయగునే గాని విన్నవలసినవానికి న్యాయము కాదు.

దక్షిణాఫ్రికా ఈ మర్మమును గ్రహించినది. నెల్సన్ మండేలా గారు 1961లో సాయుధదళమును స్థాపించినవారిలో ప్రముఖులు. 1993లో నోబెల్ శాంతి బహుమానము పొందిరి. అయినను అమెరికా ప్రభుత్వపు ఉగ్రవాదుల జాబితా నుండి ఆయన పేరు 2008 వరకు తొలగలేదు. ఆ దేశము 1995లో చట్టము చేసి సత్యవిచారణ సంఘమును నియమించెను. ఆ చట్టమున క్షమాభిక్ష ఉచితముగా లభింపలేదు. చేసినదంతయు బహిరంగముగా చెప్పినవానికే అది దొరకును. నల్లవారి పక్షమువారికైనను, తెల్ల పోలీసులకైనను ఒకే నియమము. 7,112 మంది అభ్యర్థింపగా 849 మందికి మాత్రమే అది లభించెను. ఈ ఏర్పాటునందును లోపములున్నవి. బాధితులలో అనేకులు తృప్తి చెందలేదు. అయినను తమ బిడ్డ యెట్లు మరణించెనో, శవమెక్కడ పూడ్చిరో పెక్కు తల్లులకు తెలిసినది ఆ విచారణ వలననే.

ఐర్లాండు కథ మనకు మరింత చేరువ. మన దేశపు కడపటి వైస్రాయి మౌంట్‌బాటన్ ప్రభువును ఐరిష్ రిపబ్లికన్ సైన్యము 1979 ఆగస్టులో బాంబుతో చంపెను. ఆయన ఇంగ్లండు రాజకుటుంబమునకు బంధువు. 2012 జూన్ 27న బెల్‌ఫాస్టులో ఎలిజబెత్ రాణి, ఒకప్పుడు ఆ సైన్యమున నాయకుడై పిదప మంత్రియైన మార్టిన్ మెక్‌గిన్నెస్‌తో కరచాలనము చేసెను. ఆమె తన బంధువు మరణమును మరచెనని ఎవ్వరును అనలేదు. మరువకయే చేయి చాచుట సాధ్యమని మాత్రము లోకము చూచినది.

ఇప్పుడు మరల మొఘల్‌పురా పరిసరములకే పోవుదము. ఇచట మేము చెప్పదలచినది మిక్కిలి కష్టమైన విషయము. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు ప్రేలి తొమ్మండుగురు మరణించిరి. పిదప పోలీసు కాల్పులలో ఐదుగురు మరణించిరి. ఆ తరువాత పాతబస్తీ యువకులు అనేకులు నిర్బంధింపబడిరి. న్యాయస్థానములు వారిని నిర్దోషులని విడిచిపుచ్చెను. ప్రభుత్వమే పిదప వారిలో పలువురికి నష్టపరిహారమును, సత్ప్రవర్తన పత్రమును ఇచ్చెను; ఆ పరిహారపు ఉత్తరువును 2013లో హైకోర్టు కొట్టివేసెను. ప్రేలుడు కేసులో వేరుగా విచారింపబడిన ఐదుగురును 2018 ఏప్రిల్ 16న నిర్దోషులని విడుదలైరి. పదునాలుగురు మరణించిరి, నేరస్థుడెవ్వడో న్యాయస్థానమున తేలలేదు.

గతమున నేరము చేసినవానికి అది జీవితాంతము పేరు కావలెనా అని మనము తర్కించుచున్నాము. కాని నేరమే చేయక, చేసెనను అనుమానము మాత్రమే తగిలిన యువకుడు తాను నిర్దోషినని తీర్పు వచ్చిన పిదప గూడ ఉద్యోగమునకు పోయినపుడును, అద్దెయిల్లు వెదకినపుడును, పిల్లకు సంబంధము చూచినపుడును ఆ అనుమానమునే మోయవలసి వచ్చినచో, మన తర్కమునకు విలువయేమి? సత్ప్రవర్తన పత్రము చేతపట్టుకొని తిరుగవలసిన మనిషి నిజముగా విడుదలైనట్లా? మాజీ నక్సలైటును మంత్రిగా అంగీకరించిన సమాజము ఆ నిర్దోషిని పొరుగువానిగా అంగీకరింపలేకున్నచో, మన క్షమ ధర్మబుద్ధి వలన గలిగినది కాదు. కులమతములు చూచి, బలాబలములు చూచి గలిగినది. కొలత ఒక్కటి కావలె. కాకున్నచో అది కొలతయే కాదు.

ఆ కొలత రాజ్యమునకు గూడ వర్తింపవలయును. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండులపై జరిగిన పోలీసు కాల్పులలో మరణించినవారు 13 మంది అని ప్రభుత్వపు లెక్క. ప్రజల లెక్క అంతకు మిక్కిలి యెక్కువ. ఎదురుకాల్పులనబడిన అనేక సంఘటనలలో ఎదురు ఎంత, కాల్పులెంత అను సందేహము నేటికిని తీరలేదు. అడవి నుండి వచ్చినవానిని నీ గతము చెప్పుమని అడుగు రాజ్యము తన గతమును గూడ చెప్పవలయును. తాను చెప్పక ఇతరులను చెప్పుమనుట బలవంతుని నీతి.

దేశము కొరకు చేసిన హింస వేరు, దేశముపై చేసిన హింస వేరు అని కొందరు ఆక్షేపింపవచ్చును. లక్ష్యములలో తేడా కలదు. వెట్టిచాకిరిని తొలగించుటకు లేచిన రైతును, బహిరంగ స్థలమున బాంబు పెట్టినవానిని ఒకే త్రాసున తూచమని మేము చెప్పుట లేదు. ఏ పరిస్థితులు పదునాలుగేండ్ల పిల్లను అడవికి పంపెనో ఆ పరిస్థితులకు సమాజమును బాధ్యురాలే. కాని ఎంత గొప్ప లక్ష్యమైనను హతుని తల్లి దుఃఖమును తగ్గింపలేదు. లక్ష్యము చరిత్రకారునికి విషయము. మరణము ఆ తల్లికి విషయము. రెంటికిని మన తీర్పులో చోటుండవలయును.

కనుక మా అభిప్రాయమును స్పష్టముగ చెప్పుచున్నాము. హింసామార్గమును విడిచినవాని గతము అతని చరిత్రలో నుండవలయును. అతని నుదుట నుండరాదు. చరిత్రలో నున్నది చదువబడును, విచారింపబడును, దాని ప్రక్కన తరువాతి పుటలు గూడ వ్రాయబడును. నుదుట వ్రాసినది చదువుటకు గాక తరుముటకు మాత్రమే పనికివచ్చును. కాని ఆ తరువాతి పుటలను వ్రాయు భారము అతనిదే. చంపవచ్చునను నమ్మకమును నిజముగా విడువవలయును. చట్టము అడిగిన లెక్క చెప్పవలయును. తాను ఎరిగిన సత్యమును, ఎవరిని బాధించెనో వారు కోరినచో, వారి యెదుటనే చెప్పవలయును. ఆ పిదప తన దినములను ప్రజలకు పనికివచ్చునట్లు గడపవలయును.

ప్రభుత్వమును మేము కోరునది కొంచెమే. లొంగిపోయినవారిపై గల కేసులను ఏండ్లకొలది నాన్పక త్వరగా తేల్చవలయును. తేలనిచో వారు స్వేచ్ఛాజీవులు కారు, బాధితులకు న్యాయమును లేదు. లొంగుబాటునకు ద్రవ్యము కేటాయించిన దినముననే, ఆ హింసలో పోయినవారి కుటుంబములకు పోలీసులని, పౌరులని, ఇన్ఫార్మరని చంపబడినవారని భేదము లేక సాయము కేటాయింపవలయును. గ్రామములలో తిరిగి వచ్చినవారును, వారి వలన నష్టపడినవారును కోరినచో కూర్చుండి మాటలాడుకొనుటకు నిష్పక్షపాతులైన పెద్దల సమక్షమున ఏర్పాటు చేయవలయును. నిర్దోషులని తేలినవారి పేర్లను పోలీసు జాబితాల నుండి నిజముగా తొలగింపవలయును.

ఇక మన వంతు కలదు. అడవి నుండి వచ్చిన ముదుసలి మన వీథిలో ఇల్లు అద్దెకడిగినపుడును, ఏ నేరమును చేయని పాతబస్తీ యువకుడు మన దుకాణమున పనియడిగినపుడును మనమిచ్చు ప్రత్యుత్తరములలోనే ఈ ప్రశ్నకు దేశము ఇచ్చు సమాధానము కలదు. బిరుదములిచ్చుట, మానుట ప్రభుత్వముల పని. ఆ తలుపు తీయుట మన పని.